చందా పెరిగింది, సంఘంలో ఉండాలా?

పైలట్ల సంఘం వచ్చే నెల నుంచి చందా పెంచుతున్నామని కాగితం పంపిందనుకోండి. కొత్తగా ఫస్ట్ ఆఫీసర్ అయిన కుర్రవాడికి ముందు తట్టేది ఒకటే: పోయిన ఏడాది కట్టినదానికి నాకేం ఒరిగింది? కోయంబత్తూరు దగ్గరి కారమడైలో కరివేపాకు తోట చూసుకుంటున్న తండ్రి ఇంకో మాట కలుపుతాడు: "ట్రైనింగు అప్పే తీరలేదు, ఇదెందుకురా ఇప్పుడు?" ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాని పోయిన ఏడాది ఏం వచ్చిందన్న దగ్గర మొదలుపెడితే లెక్క తప్పుతుంది. సంఘంతో పని పడే రోజు చాలామందికి ఉద్యోగకాలం మొత్తంలో ఒకటో రెండో సార్లు వస్తుంది. ఆ రోజు కంపెనీ ఒకవైపు, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒకవైపు, మధ్యలో మీరొక్కరే ఉంటారు. పెరిగిన చందా ఎక్కువా తక్కువా అన్నది ఆ రోజున పక్కన ఎవరు నిలబడతారన్నదాన్ని బట్టి తేలాలి.

ఆ రోజు ఎలా వస్తుందో చూద్దాం. డ్యూటీకి ముందు బ్రెత్ అనలైజర్ పరీక్ష ఉంటుంది. మొదటిసారి పాజిటివ్ తేలితే లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ అవుతుంది. రెండోసారి మూడేళ్ళు. మూడోసారి రద్దే. తాగి వచ్చినవాడి సంగతి వేరు, వాడి తరఫున నేను వాదించను. కాని దగ్గుమందు తాగినవాడు, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించినవాడు కూడా ఇదే వరసలో నిలబడాల్సి వస్తుంది. రెండో పరీక్ష ఎప్పుడు చేశారు, మిషను కాలిబ్రేషన్ కాగితం ఉందా, వీడియో ఉందా, సాక్షి ఎవరు అని ఆ గంటలోనే అడగాలి. ఇరవై అయిదేళ్ళ కుర్రవాడికి ఆ గంటలో ఆ ప్రశ్నలు తోచవు. ఫోను చేస్తే ఎత్తి, "దేనిమీదా సంతకం పెట్టకు, ముందు ఇది అడుగు" అని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషిని అందుబాటులో ఉంచే సంఘమైతే చందా గురించి ఆలోచించవచ్చు. వాట్సాప్ గ్రూపు, కొత్త సంవత్సరం డైరీ, ఏడాదికో విందుతో సరిపెట్టే సంఘమైతే పాత చందా కూడా ఎక్కువే.

మెడికల్ ఇంకొకటి. విమానం నడిపి జీతం తీసుకునేవాడికి క్లాస్ వన్ మెడికల్ ఏటా పాసవ్వాలి, అరవై దాటితే ఆర్నెల్లకోసారి. రక్తపోటు కాస్త ఎక్కువుంటే చాలు, "టెంపరరీ అన్‌ఫిట్" అని రాసేస్తారు. లైసెన్సు మీ బీరువాలోనే ఉంటుంది, మీరు మాత్రం నేలమీద ఉంటారు. గంటల లెక్కన వచ్చే ఫ్లయింగ్ అలవెన్సు ఆగిపోతుంది. అప్పు కిస్తీ ఆగదు. దీనికే లాస్ ఆఫ్ లైసెన్స్ బీమా ఉంది. కొన్ని చోట్ల కంపెనీ చేయిస్తుంది, కొన్ని చోట్ల సంఘం సభ్యులందరికీ కలిపి గ్రూపు పాలసీ తీసుకుంటుంది. చందా పెంపులో ఈ ప్రీమియం వాటా ఉందేమో ముందు కనుక్కోండి. ఉంటే పాలసీ కాగితం తెప్పించి మూడు సంగతులు చదవండి: తాత్కాలిక అనర్హతకు ఎన్నాళ్ళ తరవాత డబ్బు మొదలవుతుంది, వయసు పెరిగేకొద్దీ మొత్తం తగ్గుతుందా, మానసిక ఆరోగ్య కారణాలను మినహాయించారా. మూడోదే చాలామంది చదవరు, అవసరం పడేదీ ఎక్కువగా అక్కడే. కంపెనీ పాలసీ బాగా ఉండి సంఘం పాలసీ కూడా అదే ఇస్తుంటే మీరు ఒకే వస్తువుకు రెండుసార్లు కడుతున్నట్టు లెక్క.

ఇక ఉద్యోగం మారేటప్పుడు వచ్చే తగాదాలు. 2017 ఆగస్టులో డీజీసీఏ కెప్టెన్లకు ఏడాది, కో-పైలట్లకు ఆరు నెలలు నోటీసు గడువు పెట్టింది. దీని మీద పైలట్ సంఘాలు కోర్టుకెళ్ళాయి. దానికి తోడు టైప్ రేటింగుకు, అంటే ఒక రకం విమానం నడపడానికి ఇప్పించే శిక్షణకు, కంపెనీ పెట్టిన ఖర్చుకు బాండ్ ఉంటుంది. గడువు తీరకుండా వెళ్తే నో అబ్జెక్షన్ కాగితం ఆపుతారు, బాండ్ సొమ్ము అడుగుతారు. ఒంటరిగా ఢిల్లీలోనో ముంబయిలోనో వకీలును పెట్టుకుంటే ఒక్క వాయిదాకే కొన్నేళ్ళ చందా ఖర్చవుతుంది.

ఇక్కడొక హెచ్చరిక. చాలా సంఘాలు చేరిన తరవాత జరిగిన సంఘటనలకే న్యాయసహాయం ఇస్తాయి. బాకీపడి సభ్యత్వం జారిపోయిన కాలంలో నోటీసు వచ్చిందంటే, మర్నాడు బాకీ కట్టినా ఆ కేసు వాళ్ళది కాదు. అందుకే "ఇప్పుడు మానేసి అవసరమైతే చేరదాం" అన్న ఆలోచన పనిచేయదు. మానేయాలనుకుంటే పూర్తిగా ఆలోచించి మానండి. ఉండదలిస్తే ఒక్క నెల కూడా తప్పకండి.

ఇవన్నీ ఒక్కొక్క సభ్యుడికి అందే సంగతులు. అందరికీ కలిపి అందేది ఇంకొకటుంది, దానికి లెక్క కట్టడం కష్టం. డ్యూటీ గంటల సంగతే తీసుకోండి. పైలట్లు ఎఫ్‌డీటీఎల్ అని పిలిచే ఈ నిబంధనలను డీజీసీఏ 2024 జనవరిలో సవరించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం అయిదు దాకా అని ఉన్నదాన్ని ఆరు దాకా చేశారు. రాత్రి డ్యూటీలో ల్యాండింగులు ఆరు దాకా చేయించే వీలుండేది, దాన్ని రెండుకు దించారు. 2024 జూన్‌లో అమల్లోకి రావాల్సినదాన్ని కంపెనీల ఒత్తిడితో వాయిదా వేశారు. పైలట్ సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పట్టుబట్టాయి. చివరికి 2025 జులై 1న కొన్ని, నవంబరు 1న మిగతావి అమలు చేసేలా కాలపట్టిక తేలింది.

ఆ పైన జరిగింది అందరికీ తెలిసిందే. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. కొత్త నిబంధనలకు సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోకపోవడం అందుకు ప్రధాన కారణం. విమానాశ్రయాల్లో జనం గగ్గోలు పెట్టారు. డీజీసీఏ ఆ కంపెనీకి రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. వారపు విశ్రాంతికి బదులు సెలవు లెక్కకట్టరాదన్న షరతును కూడా వెనక్కి తీసుకుంది. పైలట్ల సంఘాలు దీన్ని గట్టిగా తప్పుపట్టాయి. గెలిచినది గెలిచినట్టే ఉండదని ఇక్కడ కనిపిస్తోంది. ఏళ్ళ తరబడి కోర్టులో తెచ్చుకున్నది వారం రోజుల్లో సడలిపోవచ్చు. మళ్ళీ వకీలు, మళ్ళీ అర్జీ, మళ్ళీ నిద్రమీద శాస్త్రీయ నివేదికలు కావాలి. వాటికి డబ్బెక్కడిది? చందాదే.

48 గంటల విశ్రాంతి చందా కట్టినవాడికీ వచ్చింది, కట్టనివాడికీ వచ్చింది. "మరి నేను కట్టకపోతే ఏం?" అని తెలివైన కుర్రవాడు అడుగుతాడు. మా పక్క ఊళ్ళలో గుడి పండగకు ఇంటింటికీ వరి, అంటే పండగ చందా, వేస్తారు, తేరు కదిలేటప్పుడు వరి కట్టని ఇంటి వీధిని తప్పించి తిప్పరు. అయినా కట్టని ఇల్లు అరుదు, ఎందుకంటే పండగయ్యాక జమాఖర్చు అందరి ముందూ చదువుతారు, ఎవరు కట్టలేదో ఊరికి తెలుస్తుంది. పైలట్ సంఘానికి అంత సిగ్గు పుట్టించే శక్తి లేదు. వేల మంది సభ్యులు, పది నగరాల్లో బేసులు, ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అందుకే జమాఖర్చు చదివే పని సంఘం మరింత శ్రద్ధగా చేయాలి.

చందా నిలకడగా కట్టే విషయంలో మా కోయంబత్తూరు మిల్లు యజమానులను చూసి నేర్చుకోవచ్చు. దక్షిణ భారత మిల్లుల సంఘం 1933 నుంచి ఉంది. చిన్న పరిశ్రమల వాళ్ళ కొడిసియా 1969 నుంచి ఉంది. ఈ రెండింట్లోనూ తెలుగు ఇళ్ళవాళ్ళు తక్కువేం లేరు. నూలు ధర, కరెంటు చార్జీ, పన్నుల మీద ఢిల్లీకీ చెన్నైకీ వెళ్ళి మాట్లాడటానికి వాళ్ళు తరాలుగా చందా కడుతున్నారు. ఈ ఏడాది నాకేం వచ్చిందని లెక్కేసి ఎవరూ బయటికి పోరు, మాట్లాడే మనిషి ఉండాలని వాళ్ళకు తెలుసు. మిల్లు గేటుకు ఇవతల కార్మికులూ సంఘాలు కట్టారు. 1937లో మద్రాసు శాసనసభకు వెళ్ళి 1943లో చిన్నవయసులోనే పోయిన ఎన్.జి. రామస్వామి పేరు కోయంబత్తూరు మిల్లు కుటుంబాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అయితే కార్మికుల వైపు ఒక జబ్బు పట్టింది. పార్టీకొక సంఘం, మిల్లుకు నాలుగయిదు జెండాలు. యజమానులు ఒక్క సంఘంగా కూర్చుంటే కార్మికులు నాలుగు సంఘాలుగా కూర్చున్నారు. పైలట్లకూ ఈ జబ్బు కొత్తది కాదు.

పాత ఎయిర్ ఇండియాలో ఇండియన్ పైలట్స్ గిల్డ్, పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ నుంచి వచ్చినవాళ్ళకు ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్. 2007లో రెండు కంపెనీలూ కలిశాయి గాని పైలట్లు కలవలేదు. 2011 ఏప్రిల్ చివరన జీతాల సమానత్వం కోసం కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ వాళ్ళు పది రోజులు సమ్మె చేశారు. యాజమాన్యం సంఘం గుర్తింపు రద్దుచేసింది. 2012 మేలో డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ అవతలి వర్గానికి ఇవ్వకూడదని గిల్డ్ వాళ్ళు 58 రోజులు సమ్మె చేశారు. దానికీ గుర్తింపు పోయింది, సుమారు వంద మంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఈ రెండో సమ్మె నాకెప్పుడూ మింగుడుపడలేదు. తోటి పైలట్‌కు శిక్షణ ఇవ్వొద్దని చేసిన పోరాటం అది. మీ సంఘం చందా పెంచుతున్నది సాటి పైలట్లతో తగాదా పడటానికేనని తేలితే కట్టకుండా ఉండటానికి అది మంచి కారణమే.

జెట్ ఎయిర్‌వేస్ కథ ఇంకో సంగతి చెబుతుంది. 2009లో నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ పెట్టినందుకు ఇద్దరు పైలట్లను కంపెనీ తీసేసింది. సెప్టెంబరులో పైలట్లు మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టారు, విమానాలు ఆగాయి, ఆ ఇద్దరూ తిరిగి ఉద్యోగంలో చేరారు. సంఘం బలం అక్కడ కనిపించింది. పదేళ్ళ తరవాత అదే కంపెనీ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. నెలల జీతాలు బాకీ. సంఘం దివాలా కోర్టుల చుట్టూ తిరిగింది. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు కంపెనీ ఆస్తులు అమ్మేయమంది. కంపెనీ దగ్గర డబ్బే లేనప్పుడు ఎంత బలమైన సంఘమైనా జీతం పుట్టించలేదు. కారమడై పక్కన సిరుముగైలో విస్కోస్ ఫ్యాక్టరీ మూతపడ్డ సంగతి చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ సంఘాలు లేక మూతపడలేదు. కాబట్టి చందా కడుతున్నాం గదా అని ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టడం మానకండి.

సరే, ఎంత? చందా వేసే పద్ధతులు రెండు. నెలకు ఇంత అని అందరికీ ఒకే మొత్తం వేయడం ఒకటి, జీతంలో శాతం వేయడం ఒకటి. అమెరికాలో 1931లో మొదలైన ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ జీతంలో రెండు శాతానికి కాస్త తక్కువ తీసుకుంటుంది. వినడానికి ఎక్కువే. కాని అదే సంఘం 2023లో డెల్టా పైలట్లకు నాలుగేళ్ళలో మొత్తం 34 శాతం పెంపున్న ఒప్పందం తెచ్చింది. అక్కడ సంఘం కంపెనీతో కూర్చుని జీతం రాయిస్తుంది, రోస్టర్ నియమాలు రాయిస్తుంది, కాబట్టి శాతం లెక్క చెల్లుతుంది. మన దేశంలో ప్రైవేటు విమాన కంపెనీల్లో చాలాచోట్ల సంఘంతో కూర్చుని ఒప్పందం రాసే పద్ధతే లేదు. 2024 వసంతంలో విస్తారా కొత్త జీతాల పద్ధతిలో జీతంలో హామీగా లెక్కగట్టే గంటలను 70 నుంచి 40కి తగ్గించినప్పుడు పైలట్ల కోపం ఒప్పంద చర్చగా కాక రద్దయిన విమానాల రూపంలో బయటపడింది. జీతం రాయించలేని సంఘం జీతంలో శాతం అడిగితే, ఎందుకని అడగండి. ఇక్కడ ఒకే మొత్తం పద్ధతే న్యాయం. అందులోనూ ఫస్ట్ ఆఫీసర్‌కు ఒకటి, కెప్టెన్‌కు ఒకటి ఉండాలి. ఇద్దరికీ ఒకటే పెంచితే కుర్రవాళ్ళు పెద్దల ఖర్చు మోస్తున్నట్టే.

అమెరికాలో చదువుకునే మన పిల్లలు కొందరు సొంత సరదాకు ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకుంటున్నారు. వాళ్ళకు 1939లో మొదలైన విమాన యజమానుల, పైలట్ల సంఘం ఉంది. అది ఉద్యోగుల సంఘం కాదు. పత్రిక, మెడికల్ సలహా, చిన్న విమానాశ్రయాల తరఫున వాదన దాని పని. దాని చందా పెరిగితే నెలకు ఎన్ని గంటలు ఎగురుతున్నారో చూసుకుని తేల్చుకోవచ్చు, ఇంత ఆలోచన అక్కర్లేదు.

ఇప్పుడు జమాఖర్చు సంగతి. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం కాలం నుంచీ రిజిస్టరైన సంఘం ఖాతా పుస్తకాలను, సభ్యుల జాబితాను చూసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. ఏటా ఆడిట్ చేసిన లెక్కలు రిజిస్ట్రారుకు పంపాలి. రాజకీయ నిధి వేరుగా ఉండాలి, దానికి కట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదు. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. ఇప్పుడు ఈ హక్కులకు మూలం ఆ కోడే. చట్టం పెట్టేది కనీస చందాయే (పాత చట్టంలో 2001 సవరణ ప్రకారం సంఘటిత రంగంలో అది ఏడాదికి 12 రూపాయలు ఉండేది), పైన ఎంత పెంచాలన్నది సర్వసభ్య సమావేశంలో సభ్యులు తేల్చుకోవాలి. కాబట్టి మొదటి ప్రశ్న: ఈ పెంపును సర్వసభ్య సమావేశం ఆమోదించిందా, కార్యవర్గమే కాగితం పంపేసిందా? అసలు మీది కార్మిక సంఘంగా రిజిస్టరైందా, మామూలు సొసైటీయా అన్నదీ కనుక్కోండి. పైలట్ కార్మికుడా, పర్యవేక్షకుడా అన్న వాదన కోర్టుల్లో చాలాకాలం నడిచింది. ఆ వాదనలో నిలబడాలంటే సంఘం రిజిస్ట్రేషను గట్టిగా ఉండాలి.

కొత్త కోడ్‌లో ఇంకో మెలిక ఉంది. ఒక సంస్థలో ఒకటికి మించి సంఘాలున్నప్పుడు 51 శాతం మంది సభ్యులున్నది ఒక్కటే చర్చలకు కూర్చునే సంఘమవుతుంది. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి ఒక ప్రతినిధి లెక్కన మండలి వేస్తారు. అంటే మీ పేరు జాబితాలో ఉండటమే ఒక బలం. చందా కట్టలేక పేరు తీయించుకునే ముందు ఈ సంగతి కూడా తూకంలో వేసుకోండి. కొన్ని సంఘాల్లో ట్రైనీలకు, అన్‌ఫిట్ అయి ఇంట్లో ఉన్నవాళ్ళకు తగ్గింపు చందా ఉంటుంది. అడిగితేనే చెప్తారు.

కోశాధికారికి ఒక ఉత్తరం రాయండి. ఫోను వద్దు, ఉత్తరమో ఈమెయిలో. పోయిన మూడేళ్ళ ఆడిట్ లెక్కలు కావాలని అడగండి. వకీళ్ళకు ఎంత, బీమాకు ఎంత, ప్రయాణాలకు, హోటళ్ళకు ఎంత, బ్యాంకులో నిల్వ ఎంత అని చూడండి. పోయిన ఏడాది ఎంతమంది సభ్యులు న్యాయసహాయం అడిగారు, ఎంతమందికి ఇచ్చారు అని అడగండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. నెలలోపు సూటిగా జవాబు వస్తే అదే ఆ సంఘం గురించి సగం చెబుతుంది. "మీరు కుర్రవాళ్ళు, ఇవన్నీ మీకెందుకు" అన్న ధోరణిలో వస్తే మిగతా సగం కూడా తెలిసిపోయినట్టే.

నా అభిప్రాయం దాచుకోను. లెక్కలు చూపించి, వకీలును అందుబాటులో ఉంచి, డ్యూటీ గంటల కేసులో నిజంగా పాల్గొంటున్న సంఘమైతే చందా రెట్టింపైనా కట్టండి. ఫస్ట్ ఆఫీసర్ చేతికొచ్చే జీతంలో అరశాతం లోపయితే రెండో ఆలోచన కూడా వద్దు. ఒక శాతం దాటితే బీమా కూడా అందులో ఉండాలి. ఆ పైన అడిగితే సర్వసభ్య సమావేశానికి వెళ్ళి లేచి మాట్లాడండి. జీతగాళ్ళకు సంఘం చందా మీద ఆదాయపు పన్ను మినహాయింపు లేదు కాబట్టి ఈ లెక్క పన్ను పోగా చేతికొచ్చిన సొమ్ము మీదే వేసుకోండి. రెండు సంఘాలకు కడుతుంటే మీ కంపెనీలో ఎక్కువ మంది ఉన్నదాన్ని ఉంచుకుని రెండోది వదిలేయండి.

అన్నీ చూసి మానేయడానికే నిశ్చయించుకుంటే మర్యాదగా మానండి. చందా జీతంలోంచే కోస్తున్నట్టయితే అది మీరు రాసిచ్చిన సమ్మతి మీద కోస్తున్నారు. సంఘానికి రాజీనామా ఇచ్చినంత మాత్రాన కోత ఆగదు, జీతాల విభాగానికి వేరే ఉత్తరం ఇవ్వాలి. బ్యాంకు నుంచి నేరుగా పోతుంటే ఆ మ్యాండేటును బ్యాంకులో రద్దు చేయించండి. సంఘం గ్రూపు బీమాలో ఉంటే ఏ తేదీతో ముగుస్తుందో రాతలో తీసుకుని, ఆ తేదీకి ముందే సొంత పాలసీ మొదలయ్యేలా చూసుకోండి. మెడికల్ దగ్గరపడ్డ నెలలో మాత్రం ఈ మార్పు పెట్టుకోకండి.